నాలుగో గొడుగు

సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి మరీ చూపించాడు కెప్టెన్ వెంకటనారాయణ. ఎందుకు పెట్టాలో మాత్రం చెప్పలేదు. కోంట ఠాణా దారోగా రామనర్సయ్యకు తిక్క రేగింది అక్కడే.

"చదివి పెడ్త, కెప్టెన్ సాబ్."

"చదవడానికేముందండీ అందులో? ఖైదీని మీ బస్తర్ సంస్థానం నేల మీంచి నేను తీసుకుపోతున్నాను, మీకు అభ్యంతరం లేదు. అంతే. పన్నెండింటికి డోలీ లేవాలి."

రామనర్సయ్య జేబుగడియారం చూశాడు. పదీ ఇరవై. కెప్టెన్ ఖైదీ అంటున్న మనిషి ఎదురుగా గుడిసెలో చాప మీద పడి ఉన్నాడు. కుడి తొంటి విరిగింది. పక్కటెముకలు మూడు పోయాయి. ఎడమ చెయ్యి వెదురుబద్దల కట్టులో ఉంది. పేరు సమ్మయ్య, ఊరు మణుగూరు, వయసు ఇరవై మూడు. సైన్యపు విమానంలో వైర్‌లెస్ మనిషి. తొమ్మిది రోజుల కింద ఆ విమానం కిష్టారం అడవి మీద ఉరుముల మబ్బులో చిక్కి ముక్కలైంది. ఎక్కినవాళ్ళు నలుగురు, బతికి బట్టకట్టినవాడు వీడొక్కడు. బతికినందుకే ఇప్పుడు వీడి మీద నేరం.

కాగితంలో నేరం మూడు వాక్యాల్లో ఉంది. విమానం ఇంకా గాలిలో బాగుండగానే, హుకుం లేకుండా, తోటివాళ్ళను చావుకు వదిలేసి పారాచూట్‌తో దూకేశాడట. యుద్ధం నడుస్తున్న రోజులు. అలాంటివాడి మీద సైనిక కోర్టు జాలిపడదు. అసలు కోర్టు దాకా చేరితే కదా! నెల తిరిగేదాకా కదల్చవద్దని ఎముకలు కట్టిన వెజ్జు చెప్పి పోయాడు. కోంట ఇరవై ఆరు మైళ్ళు. డోలీ కుదుపులకే పిల్లవాడి ప్రాణం సగం దారిలో పోతుందని రామనర్సయ్యకు ఒక్క చూపులో అర్థమైంది.

"ఇతనేమంటున్నడు?"

"ఏమీ అనడు. మూడు రోజుల్నుంచి అడుగుతున్నాను. నన్ను చూడగానే మొహం గోడకేసి తిప్పేసుకుంటాడు. తప్పు చేసినవాడు మొహం ఎలా చూపిస్తాడండీ?"

చాప పక్కన ఒక ఆడమనిషి కూర్చుని దొప్పతో అంబలి తాగిస్తోంది. నలభై దాటి ఉంటాయి. ఒక గుటక తాగించి, మూతి తుడిచి, ఈగను తోలి, మళ్ళీ ఇంకో గుటక. బయట తుపాకులు పట్టుకున్న నలుగురు సిపాయిలు ఉన్నారన్న సంగతే ఆమెకు పట్టలేదు. ఇల్లు ఆమెదే. పేరు హిడ్మే.

"ఇతను నీకేమైతడు, అక్కా?"

"నా గిడుగుల మీద పడ్డడు, దారోగా. ఇంకోల్ల గిడుగుల మీద పడలే. ఇగ నా బిడ్డే."

"పేరు చెప్పిండా?"

"నేనే పెట్టిన. మొగులు మీంచి పడ్డడు గద, మొగులయ్య."

పద్ధెనిమిదేళ్ళ నౌకరీలో రామనర్సయ్య ఇంత చక్కటి వాంగ్మూలం వినలేదు. కానీ దారోగా చెవి దారోగా చెవే. మనసు కరుగుతున్నప్పుడు కూడా అది తన పని మానదు. ఆమె మాటలో ఒక ముక్క దానికి తగిలింది. గబగబా కాగితాలు తిప్పి, సంస్థానం తరఫున వచ్చిన జగదల్‌పూర్ మున్షీ హిందీలో రాసుకున్న హిడ్మే వాంగ్మూలం బయటికి తీశాడు. ఒకటే వాక్యం. 'ఆద్మీ ఛత్రీ పర్ ఆయా.' మనిషి ఛత్రీ మీద, అంటే గొడుగు మీద వచ్చాడు.

"మున్షీకి నువ్వు ఛత్రీ అని చెప్పినవా?"

"అదేంది? నేను గిడుగుల మీద పడ్డడని చెప్పిన. గింతే."

రామనర్సయ్య లేచాడు. "కెప్టెన్ సాబ్, ఇతను పడ్డ జాగా చూద్దాం రండి."

"నేను చూశానండి."

"కండ్లతోటి చూసిండ్రు. ఇప్పుడు చేతులతోటి చూద్దాం."

*

గుడిసె వెనక నేల ఏటవాలుగా వాగులోకి దిగుతుంది. వాలు పైన వెదురు పొద, దాని కింద ఆనించి పేర్చిన గిడుగుల దొంతరలు ఆరు. మృగశిర కార్తె వచ్చేలోగా ఆ పల్లె ఆడవాళ్ళందరికీ ఇదే పని. వెదురుబద్దల అల్లిక రెండు పొరలు, మధ్యలో అడ్డాకులు, తాబేటి డిప్పలా వంచిన ఆకారం. నెత్తిన పెట్టుకుంటే నడుం దాకా వీపు తడవదు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, వానలో వంగి నాట్లు వేసుకోవచ్చు. సంతకు మోయడానికి ఊరి గిడుగులన్నీ ఒకదాని మీద ఒకటి బోర్లించి మనిషెత్తు దాటేలా పేర్చి పెట్టుకున్నారు. ఇప్పుడు ఆరింటిలో హిడ్మే దొంతర నడుం విరిగి కూలబడి ఉంది. ఊరి పూజారి వచ్చి చూసేదాకా ఎవరూ ముట్టుకోవద్దనుకున్నారు కాబట్టి తొమ్మిది రోజులుగా అది అలాగే ఉండిపోయింది. దారోగాకు అది అచ్చంగా వరమే.

రామనర్సయ్య చొక్కా చేతులు మడిచి ఒక్కొక్క గిడుగే తీసి పక్కన పరుస్తూ పోయాడు. పైవి పిండి పిండి అయ్యాయి. ఇరవయ్యోదాని దగ్గరికి వచ్చేసరికి బద్దలు విరిగాయి గానీ ఆకారం మిగిలింది. నలభైకి బద్దలు చిట్లాయి, అంతే. అరవైకి కాస్త వంగాయి. అరవై నాలుగోది చెక్కు చెదరలేదు. దాన్ని నెత్తిన పెట్టుకొని అప్పటికప్పుడు వానలోకి పోవచ్చు.

దాన్ని తీసి కెప్టెన్ చేతిలో పెట్టాడు.

కెప్టెన్ అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది... గిడుగు కదూ! మా తాతయ్య పొలానికి వేసుకెళ్ళేవారు. మా కాకినాడ వైపు తాటాకులతో కుడతారు."

"ఆమె గిడుగు అన్నది. మున్షీకి తెలుగు సరిగ రాదు, ఛత్రీ అని రాసుకున్నడు. పట్నంల మీ ఆఫీసోళ్ళు ఛత్రీ అంటే పారాచూటే అనుకున్నరు. మీది తెలుగు. ఆమెకూ తెలుగు వస్తది. మూడు రోజులు ఆమె వాకిట్ల కుర్చీ ఏసుకొని కూసున్నరు, ఒక్కపారి మీ నోటితోటి అడిగితే ఏం పోయేది?"

కెప్టెన్ చెవులు ఎర్రబడ్డాయి. కానీ తేలిగ్గా వదిలే రకం కాదు.

"సరేనండీ, గిడుగుల మీదే పడ్డాడు. పారాచూట్ కట్టుకొని వచ్చి గిడుగుల మీద పడకూడదా?"

"పారాచూట్ మీద దిగినోడు గోడ మీంచి దూకినట్టు దిగుతడు. అరవై మూడు గిడుగులు నుగ్గయితయా? పైకి చూడండి." వెదురు పొద చివర్లు వాగు వైపు వంగి చిట్లి ఉన్నాయి. మూడు వేర్వేరు ఎత్తుల్లో ఖాకీ పీలికలు వేలాడుతున్నాయి. "చొక్కా చినిగింది ఉన్నది. పట్టుపోగు ఒక్కటన్న ఉన్నదా? అంత పెద్ద పట్టుగుడ్డ ఈ ముళ్ళకు తట్టుకోకుండ దిగుతదా?"

"అయితే ఇంకా అన్యాయంగా ఉందండీ మీ మాట! తొమ్మిది వేల అడుగులు. మైలున్నర పైమాటే. అంత ఎత్తునుంచి ఉత్తి ఒంటితో పడ్డవాడు బతుకుతాడా? తాటిచెట్టు మీంచి పడితేనే పోతారు."

"తాటిచెట్టు మాట నాకు చెప్పకండి," అని నవ్వాడు రామనర్సయ్య. "మా అయ్య కల్లు గీసెటోడు. రెండుసార్లు పడ్డడు. ఒకసారి పొట్టి చెట్టు మీంచి, రాతి గట్టు మీద. ఏడాది మంచం దిగలే. ఇంకోసారి దానికి రెండింతల చెట్టు మీంచి, దుక్కి చేసిన బురద మడిల. లేచి, నా కుండ పగిలిందా అని అడిగిండు. అప్పుడు చెప్పిండు నాకు: పడుడు చంపదు బిడ్డా, ఆగుడు చంపుతది అని."

"తాటిచెట్టుకీ విమానానికీ పోలికా?"

"వాన చుక్క ఎంత ఎత్తునుంచి పడతది సాబ్?"

"అదేం ప్రశ్నండీ?"

"మబ్బుల నుంచి. మైలు పైనుంచి. దారి పొడుగునా వేగం పెరుగుకుంటనే వస్తే మన నెత్తిన తూటా దిగినట్టు దిగాలె. దిగుతదా? చల్లగ పడతది. కొంత దూరం వచ్చినంక గాలి కింద నుంచి పట్టి నెడతది, ఇగ వేగం పెరగదు. మనిషికీ అట్లాంటి హద్దు ఒకటి ఉండాలె గద. మీకు పారాచూట్ పాఠాలు చెప్పినప్పుడు ఆ ముచ్చట చెప్పలేదా?"

కెప్టెన్ చేతిలోని గిడుగు కింద పెట్టాడు. "గంటకు నూట ఇరవై మైళ్ళు. అక్కడితో ఆగిపోతుందన్నారు."

"పదిహేను వందల అడుగుల నుంచి పడ్డా?"

"ఇంచుమించు అంతే."

"తొమ్మిది వేల నుంచి పడ్డా అంతే. ఇగ ఎత్తు సంగతి మరిచిపోండి. ఆ వేగం ఎంత దూరంల ఆగింది, అదొక్కటే అసలు ముచ్చట. బండ మీదైతే బెత్తెడు దూరంల ఆగేది, అక్కడికక్కడే పోయేటోడు. ఇక్కడ ముప్పై అడుగుల వెదురు వంగుకుంట కొంత వేగం తీసుకున్నది. అరవై మూడు గిడుగులు ఒకదాని తర్వాత ఒకటి తలా కొంత తీసుకున్నయి. మిగిలింది ఈ వాలు మీద దొర్లుకుంట పోయింది. పెద్ద దెబ్బ ఒక్కటి తగలవలసింది, నూరు చిన్న దెబ్బలు తగిలినయి."

"మాటలు," అన్నాడు కెప్టెన్.

"అయితే చూడండి. అక్కా, ఒక గుడ్డు తే."

హిడ్మే గుమ్మంలోంచి అరిచింది. "పొదిగే గుడ్డు, దారోగా! పగిలితే నువ్వు పొదుగుతవా?"

ఠాణా జవాను బిజ్జా నవ్వాపుకుంటూ గుడ్డు పట్టుకొని ఇప్పచెట్టు ఎక్కాడు. చిటారు కొమ్మన నిలబడి, పక్క దొంతర మీదికి గురి చూసి వదిలాడు. టప్పుమంది. గిడుగు ఒకసారి కిందికి లొంగి మళ్ళీ లేచింది. గుడ్డు పక్కకు జారి ఆకుల్లో ఆగింది. రామనర్సయ్య తీసి చూస్తే సన్నటి బీట ఉంది, సొన మాత్రం కారలేదు.

"లోపల పండుకున్నోడు గూడ ఇట్లనే ఉన్నడు సాబ్. పగిలిండు, పోలే."

కెప్టెన్ ఆ గుడ్డు వంకే చూస్తుండిపోయాడు. రామనర్సయ్య సందు ఇవ్వలేదు.

"ఇంకొక్కటి. విమానం నుంచి ఆఖరి వార్త ఎన్నింటికి వచ్చింది?"

"మూడూ యాభైకి. మబ్బులో చిక్కాం, రెక్క ఊగుతోంది అని."

"పంపిందెవరు?"

"వీడే. వైర్‌లెస్ మీద చెయ్యి ఎవరిదో విన్నవాడికి తెలిసిపోతుంది. స్టేషన్‌లో వాడు గుర్తుపట్టాడు."

"ఇతని చేతి గడియారం పగిలి మూడూ యాభై మూడు దగ్గర ఆగిందని మీ కాగితాలల్లనే ఉన్నది. తప్పు టైము కావచ్చంటరా?"

"ఎగిరే ముందు అందరూ గడియారాలు కలుపుకుంటారు." అలవాటుగా చెప్పేశాడు కెప్టెన్. చెప్పాక తన నోటినుంచి ఏం వచ్చిందో తనకే తెలిసింది.

"తొమ్మిది వేల అడుగులు పారాచూట్ మీద దిగడానికి ఎంతసేపు?"

కెప్టెన్ వేళ్ళ మీద లెక్క కట్టాడు. "ఎనిమిది నిమిషాలు. పైన కొంత."

"ఊరికే పడితే?"

"ఒక్క నిమిషం."

"మూడూ యాభైకి పైన కూసొని వార్త కొట్టిన మనిషి, యాభై మూడుకు ఈ గిడుగుల మీద ఉన్నడు. ముందుగాల దూకిందెప్పుడు, ఎనిమిది నిమిషాలు దిగిందెప్పుడు, సాబ్?"

పదకొండూ ఇరవై అయింది. కెప్టెన్ టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. ఓడిపోయాడనుకున్నాడు రామనర్సయ్య. తొందరపడ్డాడు.

"దారోగా గారూ, మీరన్నవన్నీ నిజమే అనుకుందాం. మరి దీనికి చెప్పండి. విమానంలో మనుషులు నలుగురు, పారాచూట్ మూటలు నాలుగు. ఒంటికి పటకాలు ఎప్పుడూ ఉంటాయి, మూట మాత్రం వేరే ఉంటుంది. దూకే ముందు రొమ్ము మీద కొక్కేలకు తగిలించుకోవాలి. కాలిపోయిన విమానంలో మూడు మూటలు దొరికాయి. నాలుగోది లేదు. మొన్న ఇద్దరు అడవి మనుషుల దగ్గర నా సిపాయిలకు పట్టుగుడ్డ ముక్క దొరికింది. గట్టిగా అడిగేలోపు పారిపోయారు. వీడు కట్టుకోకపోతే నాలుగో పారాచూట్ ఎలా విచ్చుకుందండీ? ఎవరు విప్పారు?"

దారి మూసుకుపోయినప్పుడు రామనర్సయ్య చేసే పని ఒకటే, కాగితాలు మళ్ళీ మొదటినుంచి చదవడం. విమానంలోని నలుగురి జాబితా తీశాడు. ఇద్దరి శవాలు దొరికాయి. సమ్మయ్య ఇక్కడ ఉన్నాడు. నాలుగోవాడు నడిపినవాడు, పేర్రాజు. శవం దొరకలేదు, పూర్తిగా కాలిపోయినట్టు భావించడమైనది అని రాసి ఉంది. ఆ పేర్రాజు ఇంటిపేరు మీద దారోగా చూపు ఆగింది. కాగితం అడుగున కెప్టెన్ సంతకంలోనూ అదే ఇంటిపేరు.

"ఈ పేర్రాజు మీకేమైతడు?"

కెప్టెన్ ఆ జాబితా దారోగా చేతిలోంచి తీసుకుని మడిచాడు.

"తమ్ముడండీ." కెప్టెన్ గొంతు మొదటిసారి మామూలు మనిషి గొంతైంది. "ఈ పని నేనే అడిగి వేయించుకున్నాను. మా అమ్మకి తంతి నా చేత్తోనే కొట్టాను. వాడు బూడిదైపోయాడు, వీడు అంబలి తాగుతున్నాడు. నాకెలా ఉంటుందో మీరే చెప్పండి."

అప్పటిదాకా రామనర్సయ్యకు ఈ మనిషంటే కోపం. ఇప్పుడు కోపం ఎటు పోయిందో తెలియలేదు. భుజం మీద చెయ్యి వేద్దామనిపించింది. సైన్యం దుస్తులు చూసి ఆగాడు. ఆగినందుకు తరవాత ఎన్నోసార్లు బాధపడ్డాడు.

*

గుడిసెలోకి వస్తూనే హిడ్మేను అడిగాడు.

"అక్కా, నీ మొగులయ్య ఎప్పుడూ గోడ దిక్కే చూస్తడా?"

"లేదు. నన్ను చూసి నవ్వుతడు. కోడిని చూసి నవ్వుతడు. ఆ దొర గడపల కాలు పెడితేనే అటు తిరిగి ఏడుస్తడు."

దారోగా కెప్టెన్ వైపు తిరిగాడు. "మీకూ మీ తమ్మునికీ పోలిక ఉన్నదా?"

"ఒక్క అచ్చులో పోసినట్టుంటామనేవారు."

రామనర్సయ్య చాప పక్కన నేల మీద చతికిలబడ్డాడు. సమ్మయ్య నుదుటి మీద చెయ్యి వేశాడు. జ్వరం ఇంకా ఉంది.

"సమ్మయ్యా, నువ్వు తప్పు చేయలే. అది నాకు తెలుసు, ఈ సాబ్‌కు గూడ ఇప్పుడు తెలిసింది. ఈయన మొఖంల నీకు ఎవరు కనపడుతున్నరు? చెప్పు తమ్మీ."

గోడవైపు తిరిగిన మొహం మెల్లగా ఇటు తిరిగింది. తొమ్మిది రోజులు మూసుకున్న నోరు. మాట కంటే ముందు దగ్గు వచ్చింది. హిడ్మే తల ఎత్తి పట్టుకుంది.

"పేర్రాజు సార్," అన్నాడు సమ్మయ్య. "ముందట మంటలు లేసినయి. సార్ తల పలిగింది, సోయి తప్పిండు. సార్ మూట మంటల్ల ఉన్నది. నాదే తెచ్చి సార్ కొక్కేలకు తగిలించిన."

"నీది?" అన్నాడు కెప్టెన్.

"నాకు ఇంకోటి దొరుకుతదనుకున్న సార్. దొరకలే. తలుపు కాడికి గుంజుకపోయి, తాడు నేనే లాగి తోసేసిన. అంతల్నే రెక్క ఇరిగింది, నేనూ బయట పడ్డ. సార్‌ది తెరుసుకున్నదా లేదా సూడలే. సోయి లేని మనిషిని తోసిన. నేనే సంపిననేమో. మీకేం చెప్పాలె? ఏ మొఖంతోటి చెప్పాలె?"

కెప్టెన్ చాప పక్కన కూర్చున్నాడు. బూట్లతో లోపలికి వచ్చినందుకు హిడ్మే రోజూ గొణిగేది, ఇప్పుడు గొణగలేదు. ఖైదీ అని రాసుకున్నవాడి కుడి చెయ్యి తీసుకొని కళ్ళకు అద్దుకున్నాడు. ఇద్దరూ ఏడ్చారు. దారోగా కూడా ఏడ్చాడు, పొగ కమ్మిందన్నట్టు పొయ్యి వైపు చూస్తూ. పొయ్యి అప్పటికే ఆరిపోయి ఉంది.

ముందుగా తేరుకున్నది హిడ్మే.

"దారోగా, ఒక మాట చెప్త. కాయితం మీద రాయకుండ ఇంటవా?"

"చెప్పక్కా."

"మొన్న గుట్టమీది పల్లె నుంచి పొజ్జా, లక్మా వచ్చిండ్రు. ఇంకో మొగులయ్య చెట్టుకు యాలాడుతుంటే దింపినమని, ఏం చేయమంటరో అడుగుదమని. గుర్తుకు బట్ట ముక్క గూడ పట్టుకొచ్చిండ్రు. ఈ దొర సిపాయిలు ఆ ముక్క చూసి, ఛత్రీ యాడ దాసిండ్రని చెట్టుకు కట్టి కొట్టిండ్రు. తప్పిచ్చుకొని పోయిండ్రు పాపం."

"నాకెందుకు చెప్పలేదు?" కెప్టెన్ అరిచినంత పని చేశాడు. ఈ మూడు రోజుల్లో ఆమెతో మున్షీ లేకుండా మాట్లాడిన మొదటి మాట అది.

"నేను ఒక్క మాట చెప్తే నా బిడ్డను ఖైదు చేస్తివి. ఇంకో తల్లి కన్న బిడ్డ ముచ్చట నీకెట్ల చెప్పుదు?"

కెప్టెన్ ఆమె వైపు జరిగాడు. "అమ్మా... వాడు బతికే ఉన్నాడా?"

"మొన్నటికి ఉన్నడు. కాలికి పుండు పడ్డదట, నీల్లు నీల్లని అడుగుతున్నడట." హిడ్మే కెప్టెన్ మొహం చూసి, తనకే జాలేసి, చూపు దించుకుంది. "మీ సిపాయిలు మల్ల వస్తరని బుగులుపడి ఆ పల్లె పల్లంత నిన్ననే అడవి పట్టింది, దొరా. ఆ పిలగాన్ని ఎత్తుకపోయిండ్రో, ఇడిసిపెట్టి పోయిండ్రో నాకెరుక లేదు."